తగువుల వేలం

మల్లికార్జునరావుకి దేవుడిచ్చినవి రెండే: నాలుగెకరాల మాగాణి, మైకు అక్కర్లేని గొంతు. మాగాణి సంగతి ఎలా ఉన్నా, గొంతు మాత్రం ముప్పై ఏళ్లపాటు ఊరికి పనికొచ్చింది. ఉగాది మర్నాడు రామాలయం ముందు వేలంపాట జరిగితే పాడించేది ఆయనే. "చెరువు చేపలు, లక్షా ఇరవై, ఒకటోసారి!" అని ఆయన కేక వేస్తే రేపల్లె రోడ్డు మీద పోయే బస్సులో వాళ్లు కూడా తల తిప్పి చూసేవారు.

మొదట్లో ఆ పాటలో తప్పు పట్టడానికేమీ లేదు. చెరువు ఊరందరిది, చేపలూ అందరివే. ఆ డబ్బుతో బడికి ప్రహరీ కట్టారు. తర్వాత కాలువ గట్టు మీద గడ్డి పాట పెట్టారు, ఆ తర్వాత వినాయకుడి లడ్డూ. ఊరు రుచి మరిగింది ఆ లడ్డూ దగ్గరే. దేవుడి ప్రసాదానికే ధర కట్టాక ఇంక దేనికి కట్టకూడదు? బెల్టుషాపు నడుపుకునే హక్కు కూడా పాటలోకి వచ్చేసింది. అసలు ఉండకూడదని ప్రభుత్వం చెప్పిన షాపుకి ఊరు హక్కులు అమ్మింది. వచ్చిన సొమ్ముతో ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు వేయించింది. అందరూ దణ్ణాలు పెట్టుకున్నారు, మల్లికార్జునరావు కూడా పెట్టుకున్నాడు.

ఈ పాటల సంగతి అలా ఉంచితే, ఆయనకి ఇంకో పని కూడా ఉండేది. ఊళ్లో తగువొస్తే అది ఆయన అరుగెక్కేది. గట్టు జరిపాడని ఒకరు, చూరు నీళ్లు తన వాకిట్లో పడుతున్నాయని ఇంకొకరు. ఆయన అంత గొప్ప తెలివైనవాడేమీ కాదు, చదువు కూడా ఎస్సెస్సెల్సీ దగ్గరే ఆగింది. కాకపోతే ఆయనకో పద్ధతి ఉండేది. చెప్పింది విని తీర్పు చెప్పేవాడు కాదు, వెళ్లి చూసి చెప్పేవాడు. పొలం తగువైతే పొలానికి, గోడ తగువైతే గోడ దగ్గరికి, చెప్పుల్లో కాళ్లు దూర్చి బయల్దేరేవాడు. కొట్టుకునే ఇద్దరినీ చెరో పక్కన నడిపించుకుంటూ వెళ్లేవాడు. అక్కడికి చేరేసరికి కోపం సగం ఆ నడకలోనే అరిగిపోయేది. మిగతా సగానికి ఆయన మాట సరిపోయేది.

ఎంత మంచి పనైనా జీతం లేని ఉద్యోగం అది. అరవై ఐదు దాటాక ఆయనకి విసుగొచ్చింది. భార్య వెంకాయమ్మకి అంతకు పదేళ్ల ముందే వచ్చింది. "ఈ ఊరి కొట్లాటలన్నిటికీ నా కాఫీపొడే కావాల్సొచ్చింది" అని గిన్నెల చప్పుడు పెంచేది. ఒకప్పుడు ఆయన పక్కన కూర్చునే పెద్దలు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఒకాయనకి రొయ్యల చెరువులు, ఇంకొకాయనకి తెనాలిలో అపార్ట్‌మెంట్లు. ఎవరి టైముకి వాళ్లు వెల కట్టుకోవడం మొదలుపెట్టాక, ఊరికే వచ్చి అరుగు మీద గంటసేపు కూర్చోవడం వాళ్లకి నష్టంగా కనిపించింది. మల్లికార్జునరావు వాళ్లని తప్పు పట్టలేదు. ఆయనకీ లోపల్లోపల అలాగే ఉండేది.

కిందటి ఉగాదికి గాలిగోపురం పని సగంలో ఆగిపోయి ఉంది. పాటలన్నీ అయ్యాక కూడా డబ్బు చాలలేదు. అప్పుడు జనంలోంచి ఎవరో, "తగువులు కూడా పాట పెట్టెయ్యండి, పీడా పోద్ది" అన్నారు. వేళాకోళానికే అన్నారు. అందరూ నవ్వారు. నవ్వులు ఆగిపోయాక మాత్రం వద్దన్నవాళ్లు లేరు. పది నిమిషాల్లో రూల్సు తయారైపోయాయి. పాడుకున్నవాడే ఏడాదిపాటు ఊరి తగువులు చూస్తాడు. రెండు పక్షాలూ అతని దగ్గర ధరావతు కట్టాలి. జరిమానాలు అతనివే. ఇంకెవరూ ఊళ్లో తీర్పు చెప్పకూడదు.

నిజం చెప్పుకోవాలంటే మల్లికార్జునరావుకి ప్రాణం హాయిగా అనిపించింది. గొంతు సవరించుకుని పాడించాడు. బెల్టుషాపు నడిపే శివనాగరాజు నాలుగు లక్షల పదివేలకి తగువులు దక్కించుకున్నాడు. ఆ సాయంత్రం వెంకాయమ్మ కాఫీ రెండే గ్లాసుల్లో పోసి తెచ్చి, అరుగు మీద మొగుడి పక్కన తీరిగ్గా కూర్చుంది.

ఇంతమంది తెలివైనవాళ్లున్న ఊళ్లో ఒక్కరికీ ఒక చిన్న విషయం తట్టలేదు. చేపలు పాడుకున్నవాడికి చేపలు కావాలి. తగువులు పాడుకున్నవాడికి తగువులు కావాలి.

శివనాగరాజు దుర్మార్గుడేమీ కాదు. పెద్దలంటే మర్యాద, పొద్దున్నే లేస్తాడు, కష్టపడతాడు. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలని చూడని మనిషి ఊళ్లో ఎవరున్నారు గనక? అతనూ చూశాడు. బండి ఆపి, "మీ పక్కింటోళ్ల మెట్టు మీ స్థలంలోకొచ్చింది, చూసుకోలేదా బావా?" అని పలకరించేవాడు. ఇదివరకు తగువులు వాటంతటవే వచ్చేవి, ఇప్పుడు ఎదురెళ్లి పిలుచుకొస్తున్నాడు. ఒక్కరోజులో తేలేదానికి ఐదు వాయిదాలు పడుతున్నాయి, వాయిదాకింతని లెక్క. నీళ్ల మోటారు ఎత్తుకెళ్లినవాడు దొరికితే జరిమానా కట్టించుకుని వదిలేశాడు. వాడు నెల తిరక్కుండానే ఇంకో మోటారు ఎత్తాడు, మళ్లీ కట్టాడు. వాడి లెక్కలో దొంగతనానికి అదొక ఖర్చు, అంతే. ఇదివరకు అలాంటివాడు మల్లికార్జునరావు అరుగు ముందు తల వంచుకుని నిలబడాల్సి వచ్చేది. ఆ నిలబడటం కంటే డబ్బు కట్టడమే వాడికి సుఖంగా ఉంది.

చెంచురామయ్య, పున్నారావు అన్నదమ్ములు. తండ్రి పోతూ పోతూ చెరి మూడెకరాలు పంచాడు గానీ, కాలువ మీద తూము మాత్రం ఒక్కటే. నీళ్లు అన్న పొలం దాటి తమ్ముడి పొలంలోకి రావాలి. రేపల్లె కాలువ చివరి భూములు కావడంతో పైనుంచి నీళ్లు మొక్కుబడిగా వస్తాయి. ఆ ఏడు ఆగస్టు నెలాఖరు దాకా అవీ సరిగ్గా రాలేదు. అన్న తూముకి అడ్డం వేశాడని తమ్ముడు, తమ్ముడు రాత్రికి రాత్రి తీశాడని అన్న, ఎవరికి వాళ్లు శివనాగరాజు దగ్గర ధరావతు కట్టారు. నాలుగు వాయిదాలయ్యాయి. నారు ముదిరిపోతోంది.

ఒకరోజు పొద్దున్నే చెంచురామయ్య మల్లికార్జునరావు అరుగు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. యాభై రెండేళ్ల మనిషి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాబాయ్, ఒక్కసారి తూము దాకా రాండి. మీరు చూసి ఎట్టా అంటే అట్టా. నాకు మూడు రోజులు, వాడికి నాలుగు రోజులన్నా సరే, ఒప్పుకుంటా."

"శివనాగరాజు ఏమంటున్నాడు?"

"నాతో న్యాయం నీదే, నీళ్లు కట్టుకో అంటన్నాడు. వాడితో న్యాయం వాడిదే అంటన్నాడంట. మా ఇద్దరికీ మాటల్లేవు. మొన్న వాడు నా మీదికి పార ఎత్తాడు. నాకు భయంగా ఉంది బాబాయ్. వాడిని చూసి కాదు, నన్ను చూసుకునే."

మల్లికార్జునరావు కాళ్లు వాటంతటవే చెప్పులు వెతుక్కున్నాయి. తూము అక్కడికి పావుగంట దూరం. వెళ్తే మధ్యాహ్నం లోపు తేలిపోయే వ్యవహారం అని ఆయనకి తెలుసు. కానీ మనసు అడ్డం తిరిగింది. ఊరందరి ముందు మూడుసార్లు పిలిచి, తన నోటితోనే ఖాయం చేసిన హక్కు అది. ఇప్పుడు తనే దాటితే పాటకి విలువేముంది?

"అది పాడుకున్నవాడి హక్కురా చెంచురామయ్యా. నేనే పాడించి నేనే వేలు పెడితే బాగుండదు. అతని దగ్గరికే వెళ్లు. గట్టిగా అడుగు" అన్నాడు.

చెంచురామయ్య కాసేపు ఆయన కాళ్ల వైపే చూశాడు. "అవున్లెండి" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు మల్లికార్జునరావు తప్పు చేశానని అనుకోలేదు. పద్ధతి తప్పలేదని అనుకున్నాడు. వెంకాయమ్మతో కూడా కాస్త గర్వంగానే చెప్పాడు.

మూడో రోజు ఉదయం తూము దగ్గర చెంచురామయ్య తమ్ముణ్ణి పారతో తల మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ. కొట్టినవాడే తమ్ముణ్ణి భుజాన వేసుకుని, బురదలో పడుతూ లేస్తూ, ఏడుస్తూ రోడ్డు దాకా మోసుకొచ్చాడు. అంబులెన్సు తెనాలి వెళ్లింది. అతను రేపల్లె వెళ్లి పోలీస్ స్టేషన్లో కూర్చున్నాడు.

పున్నారావు బతికాడు. ఆపరేషన్ అయ్యాక కుడిచెయ్యీ కుడికాలూ పనిచెయ్యలేదు, మాట రాలేదు. పదిరోజుల తర్వాత మల్లికార్జునరావు తెనాలి ఆసుపత్రికి వెళ్లేసరికి పున్నారావు భార్య తులసి వరండాలో చాప మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. ఆయన్ని చూసి లేవబోయింది.

"కూర్చోమ్మా, తిను. ఎలా ఉన్నాడు?"

"చూస్తన్నాడు బాబాయ్. నన్ను గుర్తుపడుతున్నాడో లేదో మాత్రం తెలియట్లేదు."

లోపలికెళ్లి చూశాడు. పున్నారావు కళ్లు ఆయన మీదికి వచ్చి, అక్కడ ఆగకుండా పైన ఫ్యాను మీదికి పోయాయి. ఆయన ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. మళ్లీ వరండాలోకి వచ్చి చాప చివర కూర్చున్నాడు.

తులసి చెయ్యి కడుక్కుని వచ్చింది. "మా బావ ఒక్కడే కొట్టాడని పోలీసులు రాసుకున్నారు బాబాయ్. కొట్టింది ఆయనే. కానీ ఇద్దర్నీ ఎగదోసింది ఎవరు? బాపట్ల ఎస్పీ ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారంటే వెళ్లి ఇచ్చొచ్చాను, శివనాగరాజు మీద. ఊళ్లో తగువులు పాట పెట్టడమేంటమ్మా, ఎక్కడన్నా ఉంటదా అని నవ్వారు. సాక్షి ఉంటే తీసుకురమ్మన్నారు. మీరొచ్చి చెబితే నమ్ముతారు. పాడించింది మీరే కదా."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట చెప్పింది. ఆయన తన మాట కూడా చెప్పేద్దామనుకున్నాడు. మీ బావ నా దగ్గరికొచ్చాడమ్మా, మూడు రోజుల ముందే వచ్చి బతిమాలాడు, నేను కదల్లేదు. ఆ మాట పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. "ఆలోచిస్తానమ్మా" అన్నాడు. ఆ మాట అన్నందుకు రేపల్లె బస్సులో దారి పొడుగునా తనని తానే తిట్టుకున్నాడు.

తులసి సాక్ష్యం అడిగిన సంగతి ఊరికి ఆయనకంటే ముందే చేరింది. సాయంత్రానికి ఏళ్లుగా అరుగు మొహం చూడని పెద్దలు నలుగురూ వచ్చి కూర్చున్నారు. తగువుల పాట జరిగిందని కాగితం మీద పడితే మొదట పోయేది పాడించినవాడేనన్నారు. బెల్టుషాపు పాట కూడా బయటికొస్తుందన్నారు, గుడి పరువు పోతుందన్నారు. పున్నారావు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. వాళ్లు వెళ్లాక శివనాగరాజు ఒక్కడే వచ్చాడు. చెప్పులు కింద విడిచి, అరుగెక్కకుండా నిలబడ్డాడు.

"మావయ్యగారూ, నేనేమన్నా దొంగతనం చేశానా? మీరు పాడించారు, నేను పాడుకున్నాను. రూపాయి బాకీ లేకుండా గుడికి కట్టాను. ఇప్పుడు మీరే వెళ్లి నామీద చెబుతారా?"

అతను చెప్పిన ఒక్కొక్క ముక్కా నిజమే. అదే ఆయనకి చచ్చేంత అసహ్యంగా ఉంది.

రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు. మూడోరోజు వెంకాయమ్మ కంచం ఆయన ముందు పెట్టి అక్కడే కూలబడింది.

"కాఫీ పెట్టలేనని సణిగింది నేనే కదండి. నేనా మాట అనకపోతే మీరు పాటకి ఒప్పుకునేవారు కాదేమో."

"నీదేముందే. నాకే ఓపిక లేకపోయింది."

"మరి వెళ్లి చెప్పెయ్యండి. పెడితే జైల్లో పెడతారు. అరవై ఎనిమిదేళ్లొచ్చినయ్యి, ఇంకెంతకాలమని మనం మొహం దాచుకుంటాం?"

ఆ మాటతో ఆయన తేరుకున్నాడు. అన్నం తిన్నాడు. సోమవారం నాడు మొదటి బస్సుకే బాపట్ల బయల్దేరాడు. రెండు మాటలు చెప్పాలని నిశ్చయించుకున్నాడు. పాట పాడించింది తనేనన్నది మొదటిది. చెంచురామయ్య తన దగ్గరికి వస్తే కదల్లేదన్నది రెండోది. మొదటి మాట చెప్పడానికి ఆయనకి భయమేమీ లేదు. రెండోది తులసి వినేలా చెప్పాలి. అదే కష్టం.

బాపట్లలో ఎస్పీ ఆఫీసు ముందు షామియానా వేసి ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో జనం టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. ఈయనా టోకెను తీసుకుని కూర్చున్నాడు. నలభై ఒకటో నంబరు. పదకొండు గంటలకి గేటు దగ్గర తెల్లకారు ఆగింది. అందులోంచి తులసి దిగింది. వెనక సీట్లోంచి చెంచురామయ్య భార్య దిగింది. స్టీరింగు దగ్గరున్నది శివనాగరాజు. అతను దిగలేదు.

తులసి ఈయన్ని చూడగానే మొహం మాడ్చుకుంది. తర్వాత గబగబా వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

"మీరొస్తారనుకోలేదు బాబాయ్."

"వస్తానన్నానుగా అమ్మా."

"ఆలోచిస్తానన్నారు." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "అర్జీ వాపసు తీసుకుందామని వచ్చాను. మా ఆయన గట్టు మీద జారి తూము రాయి మీద పడ్డాడని రాసిస్తున్నాను. మా బావ వాళ్లు ఎకరన్నర రాసిస్తామన్నారు. శివనాగరాజు అన్నయ్యే కుదిర్చాడు, ఒక్కరోజులో. దాంట్లో ఆయనకివ్వాల్సింది ఆయనకి ఇయ్యాలనుకోండి."

అన్నదమ్ముల మధ్య నిప్పు పెట్టినవాడే, దాన్ని ఆర్పినందుకు మళ్లీ కూలి తీసుకుంటున్నాడు. ఆ కూలి ఇచ్చేది ఆ నిప్పులో కాలిన మనిషి పెళ్లాం.

"తులసీ, వాడే కదమ్మా..."

"నాకు తెలుసు బాబాయ్. నాకు తెలియదా?" ఆమె గొంతు పెంచలేదు. అలిసిపోయి ఉంది. "మా బావ జైల్లో ఉంటే నాకేమొస్తది? శివనాగరాజుని పట్టుకెళ్తే నాకేమొస్తది? మా ఆయన్ని రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, మనిషిని పెట్టాలి. ఎకరన్నర కౌలుకిస్తే ఆ ఖర్చు వెళ్తది. మీరు లోపలికెళ్లి నిజం చెబితే బేరం చెడిద్ది. మీ కాళ్లు పట్టుకుంటా, వెళ్లొద్దు బాబాయ్."

ఆమె నిజంగానే వంగబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. చేతిలోని టోకెను నలిగిపోయింది. ఇన్నాళ్లకి నిజం చెప్పే ధైర్యం వచ్చేసరికి, దాని ఖరీదు కట్టేది ఈమె అయింది. ఎవరి కోసం చెప్పాలనుకున్నాడో ఆ మనిషే వద్దంటోంది. కాదని లోపలికెళ్తే తన మనసుకి సుఖం, పున్నారావుకి పస్తు. ఆయన అంత పని చెయ్యలేకపోయాడు.

"వెళ్లనులే అమ్మా. ఊరుకో."

ఆమె కళ్లు తుడుచుకుంది. దూరంగా చెంచురామయ్య భార్య కాగితాలు గుండెలకి హత్తుకుని వీళ్లవైపే చూస్తోంది. కానిస్టేబుల్ ముప్పై తొమ్మిదో నంబరుని పిలిచాడు. ఆఫీసరుకి చెప్పే దారి మూసుకుపోయింది. కనీసం ఈమెకైనా చెప్పుకోవాలి, ఈమె తిట్టినా కొట్టినా సరే అని ఆయనకి అనిపించింది.

"తులసీ, ఒక మాట నీకు చెప్పలేదు. ఆ దెబ్బకి మూడు రోజుల ముందు మీ బావ నా దగ్గరికొచ్చాడు. తూము దగ్గరికొచ్చి తీర్పు చెప్పమన్నాడు. నా మీద నాకే భయంగా ఉందన్నాడు. నేను వెళ్లలేదమ్మా. వెళ్లుంటే ఇది జరిగేది కాదు."

చెప్పేసి తల వంచుకున్నాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవాలనే కోరుకున్నాడు.

తులసి మార్కెట్లో కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడిగింది:

"రాకుండా ఉన్నందుకు శివనాగరాజు మీకెంతిచ్చాడు బాబాయ్?"

ఆయన తలెత్తి చూశాడు. ఆమె మొహంలో కోపం లేదు, ఎగతాళి లేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే.

"ఎవరూ ఏమీ ఇవ్వలేదమ్మా. నేనే... పాటకి విలువుండాలని..."

"పోన్లెండి" అంది తులసి లేస్తూ. "చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యండి. ఎవరి అవసరాలు వాళ్లవి."

ఆమె వెళ్లి తోడికోడలి పక్కన నిలబడింది. ఇద్దరూ కలిసి కాగితాలు సరిచూసుకున్నారు. నలభై ఒకటో నంబరు పిలిచినప్పుడు మల్లికార్జునరావు లేవలేదు. కానిస్టేబుల్ రెండోసారి పిలిచి, ఎవరూ పలక్కపోయేసరికి నలభై రెండుకి వెళ్లిపోయాడు.